ప్లేట్‌లెట్ల కౌంట్ నార్మలే, మరి గుండెనాళంలో గడ్డ ఎలా కట్టింది?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇదీ. మీ నాన్నగారికి 58 ఏళ్ళు, పదేళ్ళుగా షుగరు. మూడు వారాలుగా మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉండి, కూర్చుంటే తగ్గేది. పోయిన ఆదివారం తెల్లవారుజామున నిద్రలోంచి లేపేసేంత నొప్పి వచ్చి పాతిక నిమిషాలుండి పోయింది. ఆసుపత్రిలో ఈసీజీలో చిన్న మార్పులు కనిపించాయి, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే రక్తపరీక్ష) రెండుసార్లూ నార్మల్, యాంజియోలో ఒక నాళంలో 60 శాతం బ్లాక్. అన్‌స్టేబుల్ ఆంజైనా, అంటే నిలకడ లేని, గుండెపోటుకు దారితీయగల గుండెనొప్పి అని రాసి, పొట్టలో ఇంజెక్షన్లు ఇచ్చి, స్టెంట్ లేకుండా మందులతో చూద్దామని రెండు రకాల 'రక్తం పలచబడే' బిళ్ళలతో ఇంటికి పంపారు. మీ అనుమానాలు మూడు: ప్లేట్‌లెట్లు 2 లక్షల 40 వేలు ఉంటే, అంటే నార్మల్ అయితే, వాటివల్ల గడ్డ కడుతోందని డాక్టరు ఎందుకన్నారు? ట్రోపోనిన్ నార్మల్ కాబట్టి గుండెపోటు కాదుగా, ఇన్ని మందులెందుకు? వచ్చే నెల పన్ను పీకించుకోవాలి, అప్పుడు ఆపొచ్చా?

స్టెంట్ వేయాలా వద్దా అన్నది యాంజియో ఫిల్మ్ చూడకుండా నేను చెప్పను. మిగతావి చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

డెంగీ పుణ్యమా అని మన దగ్గర ప్లేట్‌లెట్లంటే తెలియని ఇల్లు లేదు. కౌంట్ పడిపోయిందంటే టెన్షన్, బొప్పాయి ఆకు రసం, రక్తదాతల కోసం వాట్సాప్ మెసేజీలు. దానివల్ల ప్లేట్‌లెట్లు అనగానే అందరికీ ఒక అంకె గుర్తొస్తుంది. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉంటే హమ్మయ్య అనుకుంటాం. కానీ ఆ అంకె చెప్పేది ఎంతమంది ఉన్నారని మాత్రమే, వాళ్ళు నిద్రపోతున్నారా, కర్రలు పట్టుకుని వీధిలో నిలబడ్డారా అన్నది అది చెప్పదు. అన్‌స్టేబుల్ ఆంజైనాలో గొడవంతా ఆ రెండోదాంతోనే. అందుకే మీ నాన్నగారి రిపోర్టులో కౌంట్ నార్మల్‌గా ఉండటంలో వింతేమీ లేదు. నేను ముప్పై ఏళ్ళకు దగ్గరగా గుండె వార్డుల్లో పనిచేశాను, ఈ జబ్బుతో వచ్చినవాళ్ళలో దాదాపు అందరికీ కౌంట్ మామూలుగానే ఉండేది.

ప్లేట్‌లెట్ అంటే నిజానికి పూర్తి కణం కూడా కాదు. ఎముక మజ్జలో ఉండే పెద్ద కణాల నుంచి రాలిన ముక్క. సైజు 2 నుంచి 3 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), కేంద్రకం ఉండదు, ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. రోజుకు సుమారు 10 వేల కోట్లు కొత్తవి పుడుతుంటాయి. మామూలుగా పళ్ళెంలా బల్లపరుపుగా, ఎవరి జోలికీ పోకుండా రక్తంతో పాటు తిరుగుతుంటాయి. నాళం లోపలి గోడకు ఒక పలచని పొర ఉంటుంది, అది నునుపుగా ఉండటమే కాదు, ప్లేట్‌లెట్లను శాంతంగా ఉంచే ప్రోస్టాసైక్లిన్, నైట్రిక్ ఆక్సైడ్ అనే పదార్థాలను వదులుతూ ఉంటుంది. ఆ పొర చెక్కు చెదరనంత కాలం ఏ గొడవా ఉండదు.

కాలువ గట్టుకు గండి పడితే ఊళ్ళో ఏమవుతుంది? ముందు చూసినవాడు కేకేస్తాడు, పదిమంది ఇసుక బస్తాలతో పరిగెత్తుకొస్తారు, ఆ పదిమంది కేకలకు వందమంది వస్తారు. వేలు కోసుకున్నప్పుడు ప్లేట్‌లెట్లు చేసేది అచ్చం అదే, అది మన ప్రాణం కాపాడే పని. గుండె నాళంలో వచ్చిన చిక్కేమిటంటే, ఇక్కడ తెగింది గట్టు లోపలి తాపడం మాత్రమే, నీళ్ళేమీ బయటికి పోవడం లేదు. కానీ బస్తాలు మోసేవాళ్ళకు ఆ తేడా తెలియదు. తెగిన చోటు కనిపించింది, బస్తాలు వేస్తారు. వేసి వేసి కాలువనే పూడ్చేస్తారు. మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న కాలువ అది, పూడటానికి ఎంతసేపు?

ఆ తాపడం ఎందుకు తెగుతుందంటే, ఏళ్ళ తరబడి గోడలో కొవ్వు పేరుకుని ఉంటుంది. కొందరిలో దాని మీద మందమైన, గట్టి పొర ఏర్పడుతుంది. అలాంటిది దారి ఇరుకు చేస్తుంది కానీ కదలకుండా పడి ఉంటుంది. నడిస్తే నొప్పి, ఆగితే తగ్గుతుంది, ఏళ్ళ తరబడి అంతే. కొందరిలో లోపల మెత్తటి కొవ్వు ముద్ద, పైన 65 మైక్రాన్ల కంటే పలచని పొర, ఆ పొరను లోపలినుంచి తినేస్తున్న వాపు కణాలు. బాగా మాగిన సీతాఫలం చేత్తో పట్టుకుంటేనే పగులుతుందే, అలాంటి స్థితి. అది ఎక్కడో ఒక చోట చిట్లుతుంది. చిట్లకపోయినా కొన్నిసార్లు పైపొర ఒరుసుకుపోతుంది, పొగ తాగేవాళ్ళలో, ఆడవాళ్ళలో ఈ రెండో రకం కాస్త ఎక్కువ.

చిట్లగానే గోడలోని కొల్లాజెన్ రక్తానికి తగులుతుంది. ముందుగా వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే జిగురులాంటి ప్రోటీన్ దానికి అంటుకుని, వేగంగా పోతున్న ప్లేట్‌లెట్లను కొక్కెం వేసి లాగుతుంది. అంటుకున్న ప్లేట్‌లెట్ రూపం మారిపోతుంది, పళ్ళెంలా ఉన్నది గుండ్రంగా అయి ముళ్ళు ముళ్ళుగా చేతులు చాస్తుంది. తన సంచుల్లో దాచుకున్న ఏడీపీని బయటికి వదులుతుంది, థ్రాంబాక్సేన్ ఎ2 అనే పదార్థాన్ని అప్పటికప్పుడు తయారుచేసి వదులుతుంది. ఇవే ఆ కేకలు. అటుగా పోతున్న ప్లేట్‌లెట్లు ఆ కేకలు విని అవి కూడా లేస్తాయి. థ్రాంబాక్సేన్‌కు ఇంకో దుర్గుణం ఉంది, అది నాళాన్ని బిగుసుకునేలా చేస్తుంది. అంటే దారి ఇరుకైనచోట గడ్డ కట్టడమే కాక, దారి తనంతట తను కూడా మూసుకుంటుంది.

చివరి మెట్టు ఒకటుంది. లేచిన ప్లేట్‌లెట్ ఒంటి మీద గ్లైకోప్రోటీన్ 2బి/3ఎ అనే చేతులు తెరుచుకుంటాయి. ఒక్కో ప్లేట్‌లెట్‌కు 50 వేల నుంచి 80 వేల దాకా ఉంటాయి ఇవి. రక్తంలోని ఫైబ్రినోజన్‌ను ఒక వైపు ఒక ప్లేట్‌లెట్, ఇంకో వైపు ఇంకో ప్లేట్‌లెట్ పట్టుకుంటాయి, తాడు పట్టుకున్నట్టు. ముద్ద అలా కడుతుంది. పుట్టుకతో ఈ చేతులు లేనివాళ్ళున్నారు, 1918లో గ్లాంజ్‌మన్ అనే స్విట్జర్లాండ్ పిల్లల డాక్టరు వర్ణించిన జబ్బు అది. వాళ్ళ కౌంట్ నార్మల్, కానీ రక్తం ఆగదు. అదీ, అంకె నార్మల్‌గా ఉండి పని నార్మల్‌గా లేకపోవడమంటే. మీ నాన్నగారి విషయం దానికి సరిగ్గా ఎదురు వైపు.

ఇదంతా జరుగుతుండగా పక్కనే రెండో వ్యవహారం నడుస్తుంది. చిట్లిన కొవ్వులో టిష్యూ ఫ్యాక్టర్ అనే పదార్థం దండిగా ఉంటుంది, అది రక్తంలోని గడ్డకట్టే ప్రోటీన్లను ఒకదాని తర్వాత ఒకటి తట్టిలేపి చివరకు థ్రాంబిన్‌ను తయారుచేయిస్తుంది. థ్రాంబిన్ ఫైబ్రినోజన్‌ను ఫైబ్రిన్ దారాలుగా మార్చి ఆ ప్లేట్‌లెట్ ముద్దను వలలా బిగిస్తుంది. మళ్ళీ ఆ థ్రాంబినే ప్లేట్‌లెట్లను లేపడంలో అందరికంటే బలమైనది. లేచిన ప్లేట్‌లెట్ల ఒళ్ళేమో థ్రాంబిన్ తయారీకి బల్లలా పనికొస్తుంది. ఒకరినొకరు ఎగదోసుకునే జంట. అందుకే ఆసుపత్రిలో రెండు వైపులా మందిచ్చారు, బిళ్ళలు ప్లేట్‌లెట్ల కోసం, పొట్టలో వేసిన హెపారిన్ జాతి ఇంజెక్షన్ థ్రాంబిన్ కోసం.

ఇక నొప్పి వచ్చి పాతిక నిమిషాల్లో ఎందుకు పోయింది, గడ్డ కడితే ఉండిపోవాలిగా అంటారేమో. నాకు ఈ జబ్బులో ఎప్పటికీ ఆశ్చర్యంగా ఉండే విషయం ఇదే. 1976లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో జాన్ ఫోల్ట్స్ అనే ఆయన కుక్కల గుండె నాళాన్ని కొంత ఇరుకు చేసి రక్తప్రవాహం కొలిచాడు. ప్రవాహం నెమ్మదిగా తగ్గుతూ తగ్గుతూ దాదాపు ఆగిపోయేది, ఉన్నట్టుండి మళ్ళీ మామూలైపోయేది, మళ్ళీ తగ్గేది. ప్లేట్‌లెట్ల ముద్ద కట్టడం, అది ఊడి కొట్టుకుపోవడం, మళ్ళీ కట్టడం. ఆస్పిరిన్ ఇస్తే ఆ ఆట ఆగిపోయింది. మీ నాన్నగారికి ఆదివారం తెల్లవారుజామున జరిగింది చాలావరకు ఇలాంటిదే అయ్యుంటుంది. ముద్ద కట్టింది, దారి మూసుకుపోవచ్చింది, కండరం చచ్చేలోపు ముద్ద ఊడిపోయింది.

మనుషుల్లో కూడా దీనికి సాక్ష్యం దొరికింది. డెన్మార్క్‌లో ఎర్లింగ్ ఫాక్ 1985లో ఇలా నొప్పులు వచ్చి వచ్చి చివరకు చనిపోయిన 25 మంది గుండె నాళాలను పరీక్షిస్తే, గడ్డలు చాలావాటిలో పొరలు పొరలుగా ఉన్నాయి, పాతది, దానిమీద కొత్తది. అంటే ఒక్క రోజులో కట్టినవి కావు, రోజుల తరబడి విడతలు విడతలుగా పెరిగినవి. ఊడిపోయిన తునకలు కింద సన్నటి నాళాల్లో ఇరుక్కుని కూడా కనిపించాయి. ఆ మరుసటి ఏడాది, 1986లో, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఫిట్జ్‌జెరాల్డ్ బృందం బతికున్న రోగుల మూత్రంలో థ్రాంబాక్సేన్ విరిగిపోగా మిగిలిన పదార్థాన్ని కొలిచింది. అన్‌స్టేబుల్ ఆంజైనా ఉన్నవాళ్ళలో నొప్పి వచ్చినప్పుడల్లా చాలాసార్లు అది ఎగబాకింది, మధ్యలో తగ్గింది. ఇంకో ముఖ్యమైన సంగతి, నొప్పి లేనప్పుడు కూడా అలా ఎగబాకిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇది మీరు ఇంట్లో గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. "నొప్పి లేదుగా, బాగానే ఉన్నాను" అన్న మాట నాన్నగారి నోటి నుంచి రావచ్చు, ప్లేట్‌లెట్లు మాత్రం నొప్పిని అడిగి లేవవు. షుగరు ఉన్నవాళ్ళకు నొప్పి తెలియడం అసలే తక్కువ.

తెల్లవారుజామునే ఎందుకన్నదానికి కూడా కొంత ఆధారం ఉంది. నిద్రలేచి నిలబడే వేళకు ప్లేట్‌లెట్లు ముద్దకట్టే గుణం పెరుగుతుందని 1987లో బోస్టన్‌లో చూపించారు, గుండెపోట్లు ఉదయం పూట ఎక్కువ రావడం అంతకు ముందే తెలుసు. మీ నాన్నగారు ఇంకా లేవకముందే వచ్చిందనుకోండి, కాబట్టి దాన్ని పట్టుకుని మరీ సూత్రాలు చెప్పను.

60 శాతమేగా అన్న మాట గురించి. మనవాళ్ళకు యాంజియో రిపోర్టులో శాతం పరీక్ష మార్కుల్లాంటిది, 90 అంటే భయం, 60 అంటే ఊరట. న్యూయార్క్‌లో ఆంబ్రోస్ బృందం 1988లో ఒక పని చేసింది, గుండెపోటు వచ్చినవాళ్ళకు అంతకు ముందెప్పుడో తీసిన యాంజియోలు వెతికి చూసింది. తర్వాత గుండెపోటుకు కారణమైన చోటు అప్పట్లో చాలామందిలో పెద్ద బ్లాకే కాదు. ఇలా అన్నానని 90 శాతం బ్లాకు మంచిదని కాదు, ఆ మాట ఎవరైనా అంటే నమ్మకండి. శాతం దారి ఎంత ఇరుకో చెబుతుంది, గోడ మీద పుండు ఉందా లేదా అన్నది దాన్నిబట్టి తెలియదు. మీ నాన్నగారికి నిద్రలో వచ్చిన నొప్పి ఆ పుండు ఉందని చెబుతోంది. మూడు వారాల్లోనే కొత్తగా మొదలై, తీవ్రత పెరిగి, ఏ పనీ చేయకుండా పడుకున్నప్పుడు వచ్చిన నొప్పి. నాకు ఆ ఒక్క వాక్యం చాలు, అంకెలు తర్వాత చూస్తాను.

ట్రోపోనిన్ అనేది గుండె కండరం చచ్చినప్పుడు రక్తంలోకి కారే ప్రోటీన్. అది నార్మల్ అంటే ఈసారికి కండరం దెబ్బతినలేదని, అంతవరకే. పుండు మానిందని కాదు. అన్‌స్టేబుల్ ఆంజైనాకూ గుండెపోటుకూ నాళంలో జరిగేది ఒకటే, ముద్ద ఎంతసేపు నిలిచిందన్నదే తేడా. కాబట్టి 'గుండెపోటు కాదుగా' అన్న మీ మాట నిజమే, కానీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది.

ఇన్ని మందులెందుకంటే, పాత లెక్కలు చూడండి. 1983లో అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 1,266 మంది అన్‌స్టేబుల్ ఆంజైనా రోగుల మీద ఒక పరీక్ష జరిగింది. సగం మందికి 12 వారాలపాటు రోజూ 324 మి.గ్రా. ఆస్పిరిన్ నీళ్ళలో కరిగించి ఇచ్చారు, సగం మందికి ఉత్తుత్తి మందు. చావు లేదా గుండెపోటు ఉత్తుత్తి మందు వాళ్ళలో 10.1 శాతం, ఆస్పిరిన్ వాళ్ళలో 5 శాతం. సగానికి సగం. తలనొప్పి బిళ్ళ! కాలిఫోర్నియాలో క్రేవెన్ అనే ఒక మామూలు ఊరి డాక్టరు 1950 నాటికే ఈ సంగతి పసిగట్టాడు. టాన్సిల్స్ తీశాక నొప్పికి ఆస్పిరిన్ ఉన్న చూయింగ్ గమ్ నమిలినవాళ్ళకు రక్తం ఎక్కువ పోతోందని గమనించి, అయితే గుండె నాళంలో గడ్డను కూడా ఇది ఆపుతుందేమో అనుకుని తన రోగులకు ఇచ్చాడు. పెద్దవాళ్ళెవరూ పట్టించుకోలేదు. ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో జాన్ వేన్ 1971లో చూపించాక గానీ లోకం అటు తిరగలేదు, దానికి 1982లో నోబెల్ కూడా వచ్చింది.

అది చేసే పని సులువు. థ్రాంబాక్సేన్ తయారుచేసే ఎంజైముకు అతుక్కుని దాన్ని శాశ్వతంగా పాడుచేస్తుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదన్నానుగా, కొత్త ఎంజైము తయారుచేసుకోలేదు, బతికినన్ని రోజులూ మూగబోయి తిరుగుతుంది. అందుకే 75 మి.గ్రా. లాంటి చిన్న మోతాదు రోజుకొక్కసారి సరిపోతుంది. కానీ రోజుకు పదో వంతు ప్లేట్‌లెట్లు కొత్తవి పుడుతుంటాయి కదా, నాలుగైదు రోజులు మానేస్తే నోరున్నవాళ్ళు మళ్ళీ సగం మంది తయారు. షుగరు ఉన్నవాళ్ళలో ఈ పుట్టడం ఇంకా వేగంగా ఉంటుంది.

ఆస్పిరిన్ ఒక కేకనే ఆపుతుంది, ఏడీపీ కేక అలాగే ఉంటుంది. దాన్ని వినే చెవి పేరు పీ2వై12, రెండో బిళ్ళ దాన్ని మూస్తుంది. 2001లో వచ్చిన క్యూర్ పరీక్షలో 12,562 మందిని తీసుకుని ఆస్పిరిన్‌కు క్లోపిడోగ్రెల్ కలిపితే గుండె సంబంధ మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి 11.4 శాతం నుంచి 9.3 శాతానికి తగ్గాయి. దాని వెనకున్న సలీం యూసుఫ్ కేరళలో పుట్టి బెంగళూరులో డాక్టరీ చదివినాయన. ఊరికే రాలేదు ఆ లాభం, పెద్ద రక్తస్రావాలు 2.7 నుంచి 3.7 శాతానికి పెరిగాయి. తర్వాత 2009లో ప్లాటో పరీక్ష టికాగ్రెలార్ ఇంకాస్త మెరుగని చూపించింది, దాంతో కొందరికి ఊపిరి చాలనట్టు అనిపిస్తుంది, భయపడి మానేస్తారు, మానకుండా డాక్టరుకు చెప్పాలి. క్లోపిడోగ్రెల్‌కు ఉన్న చిక్కు వేరు, అది కాలేయంలో మారితేనే మందు అవుతుంది, ఆ మార్చే ఎంజైము పుట్టుకతో మందకొడిగా ఉన్నవాళ్ళు మన దేశంలో తక్కువేమీ కాదు. ఒమెప్రజోల్ కూడా ఆ ఎంజైముకే అడ్డొస్తుంది, కాబట్టి 'గ్యాస్ బిళ్ళ' ఏది వాడుతున్నారో చీటీలో చూసుకుని, అదే అయితే డాక్టరును అడిగి మార్పించుకోండి.

ఇందాక చెప్పిన ఆ 2బి/3ఎ చేతులనే కట్టేసే మందులూ ఉన్నాయి, సూది ద్వారా మాత్రమే, స్టెంట్ వేసేటప్పుడు గడ్డ బాగా ఉంటే. వాటిలో టిరోఫిబాన్ అనేదాని పుట్టుక చెప్పకుండా ఉండలేను. మన పొలాల్లో చిన్నపింజరి ఉంటుందే, ఒళ్ళు ఒరుసుకుంటూ రంపం కోస్తున్నట్టు చప్పుడు చేసేది, ఆ జాతి పాము విషంలోని ఒక ప్రోటీన్ ప్లేట్‌లెట్ల చేతులను పట్టుకుని వదలదని కనిపెట్టి, దాన్ని చూసి ఈ మందును తయారుచేశారు.

ఈ రెండు బిళ్ళలూ రక్తాన్ని పలచన చేయవు. నీళ్ళు కలిపిన మజ్జిగలా అవుతుందని చాలామంది అనుకుంటారు, ఆ మాటను మేమే అలవాటు చేశాం, తప్పు మాదే. చిక్కదనం ఎంత ఉండేదో అంతే ఉంటుంది, ప్లేట్‌లెట్లు పరస్పరం పిలుచుకోవడం మాత్రం ఆగుతుంది. అందుకే "వెల్లుల్లి తింటున్నాంగా, రక్తం పలచగానే ఉంటుంది, బిళ్ళలెందుకు" అనే లెక్క కుదరదు. వెల్లుల్లి తినండి, కూరకు బాగుంటుంది.

ఒక పాత సంగతి. తొంభైల మొదట్లో నేను పీజీ చేస్తున్నప్పుడు ఇలాంటివాళ్ళకు హెపారిన్ డ్రిప్ మూడు నాలుగు రోజులు నడిపేవాళ్ళం. నొప్పి పోయేది, మనిషి లేచి ఇడ్లీ తిని పేపరు చదివేవాడు, పొద్దున్నే డ్రిప్ తీసేసేవాళ్ళం. సాయంత్రం రౌండ్స్‌కు వెళ్తే మళ్ళీ చెమటలు, మళ్ళీ నొప్పి. ఒకరిద్దరిలో అయితే అనుకోకుండా జరిగిందనుకోవచ్చు. 1992లో మాంట్రియల్ నుంచి తెరూ బృందం ఇదే రాసింది, హెపారిన్ ఆపిన కొన్ని గంటల్లోనే జబ్బు తిరగబెడుతోందని, ఆస్పిరిన్ కూడా వాడుతున్నవాళ్ళలో అలా తిరగబెట్టడం తక్కువని. అది చదివాక మా వార్డులో ఆస్పిరిన్ లేకుండా డ్రిప్ తీయడం మానేశాం. పుండు మానకముందే కాపలా తీసేస్తే ఏమవుతుందో అప్పుడు కళ్ళారా చూశాను, అందుకే ఆపడం అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అడగలేదు కానీ, మీ బంధువుల్లో ఎవరో 'గడ్డ అయితే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎందుకివ్వలేదు' అని అని ఉంటారు, ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. నాళం పూర్తిగా మూసుకుపోయిన పెద్ద గుండెపోటులో గడ్డ ఎర్రగా ఉంటుంది, అందులో ఫైబ్రిన్ వల ఎక్కువ, ఆ ఇంజెక్షన్ కరిగించేది ఆ వలనే. అన్‌స్టేబుల్ ఆంజైనాలో గడ్డ తెల్లగా ఉంటుంది, ఎక్కువగా ప్లేట్‌లెట్లే. 1992లో జపాన్‌లో మిజునో బృందం సన్నటి కెమెరా గొట్టం నాళంలోకి పంపి ఈ తెలుపు, ఎరుపు తేడాను నేరుగా చూసింది. తెల్ల గడ్డను ఆ ఇంజెక్షన్ పెద్దగా ఏమీ చేయలేదు, పైగా వల కరిగేటప్పుడు లోపల చిక్కుకున్న థ్రాంబిన్ బయటపడి ప్లేట్‌లెట్లను ఇంకా రెచ్చగొడుతుంది. 1994లో టిమి 3బి అనే పరీక్షలో ఇచ్చి చూశారు, ఇచ్చినవాళ్ళలో గుండెపోట్లు 7.4 శాతం, ఇవ్వనివాళ్ళలో 4.9 శాతం. మీ డాక్టరు ఇవ్వకపోవడమే సరైన వైద్యం.

ఇక పన్ను. మామూలుగా ఒకటి రెండు పళ్ళు పీకడానికి ఈ మందులు ఆపాల్సిన పనిలేదు. పన్ను పీకిన చోట రక్తం కాస్త ఎక్కువసేపు కారుతుంది, దూది ఒత్తిపట్టి, అవసరమైతే కుట్టువేసి ఆపొచ్చు, కంటికి కనబడే చోటు అది. గుండె నాళంలో ఒత్తిపట్టడానికి మనకు వేలు అందదు. అయినా ఇది జరిగి నెల కూడా కాలేదు కాబట్టి, భరించగలిగే నొప్పే అయితే కొన్ని నెలలు వాయిదా వేయమనే అంటాను. వాయిదా కుదరకపోతే దంతవైద్యుడికి మందుల చీటీ చూపించండి, ఆయన ఆపమంటే గుండె డాక్టరుతో ఫోన్లో మాట్లాడుకోమనండి. మీ ఇంట్లో మీరే ఒక నిర్ణయం తీసుకుని ఐదు రోజులు ఆపేయడం మాత్రం వద్దు. నా దగ్గరికి ఇలా పన్ను కోసం రెండు బిళ్ళలూ మానేసి ఆరో రోజు గుండెపోటుతో వచ్చినాయన ఉన్నాడు, పన్ను ఇంకా పీకనే లేదు, అపాయింట్‌మెంట్ మర్నాడు.

రెండు బిళ్ళలూ సాధారణంగా ఏడాది, ఆ తర్వాత ఒకటి. రక్తస్రావం ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకు ఇంకా ముందే తగ్గిస్తారు, అది మీ డాక్టరు చూసుకుంటారు. మలం తారులా నల్లగా వచ్చినా, కారణం లేకుండా కమిలిన మచ్చలు పెద్దవి వచ్చినా ఆగకుండా వెళ్ళి చూపించండి. మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో ఇచ్చే ఇబుప్రొఫెన్ బిళ్ళలు వేసుకోనివ్వకండి, అది ఆస్పిరిన్ కూర్చోవాల్సిన కుర్చీలో ముందే కూర్చుంటుంది, కడుపులో పుండ్లు అదనం. వర్షాకాలంలో జ్వరం వచ్చి డెంగీ అన్నారనుకోండి, రెండు బిళ్ళల సంగతి మొదటి మాటగా చెప్పండి. అప్పుడు కౌంట్ నిజంగానే ముఖ్యమవుతుంది, ఏది ఎప్పుడు ఆపాలో ఇద్దరు డాక్టర్లూ కలిసి తేల్చాలి.

స్టాటిన్ బిళ్ళ కూడా రాసే ఉంటారు. కొలెస్ట్రాల్ నార్మల్‌గా ఉందని దాన్ని మానేయకండి, ఆ పలచని పొరను గట్టిపరిచేది అదే. నాన్నగారి సిగరెట్టు సంగతి మీరేమీ రాయలేదు. రాయలేదంటే నాకు అనుమానమే.

మళ్ళీ ఛాతీలో బరువు, బిగింపు, దవడకో ఎడమ చేతికో లాగడం, చల్లటి చెమట వస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోవద్దు. కూర్చోబెట్టి, డాక్టరు రాసిచ్చిన సార్బిట్రేట్ ఉంటే నాలుక కింద ఒకటి పెట్టండి, నిలబడి ఉండగా పెట్టొద్దు, బీపీ పడి కళ్ళు తిరుగుతాయి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108. ఆస్పిరిన్ ఇవ్వమని వాళ్ళు చెబితే మింగడం కాదు, నమిలించండి, నమిలితేనే త్వరగా పనిచేస్తుంది. స్కూటరు మీద వెనక కూర్చోబెట్టుకుని మాత్రం తీసుకెళ్ళకండి. ఈసీజీ మొదటిసారి నార్మల్ వచ్చినా ఇంటికి పంపించమని అడగొద్దు, ముద్ద ఊడిపోయిన నిమిషంలో తీస్తే అది నార్మల్‌గానే వస్తుంది.

డిశ్చార్జ్ కాగితంలో రెండో బిళ్ళ పేరు, మోతాదు, గ్యాస్ బిళ్ళ పేరు ఇక్కడ రాయండి. సాయంత్రం చూస్తాను.